మంచివాడికి పడ్డ చెడ్డపేరు: కౌబాయ్ బొమ్మల పుస్తకాల కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని మన కార్యదర్శిగారు కోరారు. శాతవాహనుల గురించో, కాకతీయుల గురించో రాస్తానని ఆయన ఆశించి ఉంటారు. ఆ పని చేయగల పెద్దలు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం అమెరికా కౌబాయ్ బొమ్మల పుస్తకాల గురించి రాస్తున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవవలసిందిగా సభ్యమిత్రులకు మనవి.

కౌబాయ్ అనగానే మన తరం వారికి 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తుకు వస్తుంది. ఆరుద్రగారి రచన, కె.ఎస్.ఆర్. దాస్‌గారి దర్శకత్వం, టోపీ పెట్టి గుర్రమెక్కిన కృష్ణగారు! 2023 మే 31న ఆ చిత్రం మళ్ళీ విడుదలైతే మనవలను వెంటబెట్టుకుని చూసివచ్చాను. అయితే కౌబాయ్ నా మనసుకు దగ్గరైనది సినిమాలో కాదు. 1976లో హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల్లో. అప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న మా అక్కయ్య కొడుకుకు పదేళ్ళు. వాడి కోసం అట్ట నలిగిన పుస్తకం ఒకటి కొన్నాను. పేరు ‘కిడ్ కోల్ట్, అవుట్‌లా’.

ముందుగా ఆ పుస్తకాల పుట్టుక చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిశాక అమెరికాలో సూపర్‌మాన్ వంటి అద్భుతవీరుల కథల మీద పాఠకులకు మోజు తగ్గింది. ఆ ఖాళీలోకి గుర్రాలు, రివాల్వర్లు, బందిపోట్లు వచ్చి చేరాయి. 1933లో డెట్రాయిట్ రేడియోలో నాటకంగా మొదలైన ‘లోన్ రేంజర్’కు 1948లో డెల్ సంస్థ సొంత బొమ్మల పుస్తకం పెట్టింది. అది 1962 దాకా సాగింది. ముఖానికి నల్ల ముసుగు, తుపాకిలో వెండి గుళ్ళు, తెల్లగుర్రం, వెంట టోంటో అనే ఆదివాసి మిత్రుడు. ఇంత ఆర్భాటమున్నా ఆ వీరుడు ప్రాణం తీయడానికి కాల్చడు. దొంగ చేతిలోని తుపాకిని ఎగరగొడతాడు, అంతే.

కిడ్ కోల్ట్ కూడా 1948లోనే పుట్టాడు. తరువాతి కాలంలో మార్వెల్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన సంస్థ ఆ పుస్తకాన్ని 1979 వరకు, మొత్తం 229 సంచికలు వెలువరించింది. అదే సంస్థ 1955లో ‘రాహైడ్ కిడ్’ను ప్రారంభించి, 1957లో ఆపివేసి, 1960లో స్టాన్ లీ రచన, జాక్ కిర్బీ బొమ్మలతో మళ్ళీ నిలబెట్టింది. ఈ ఇద్దరు యువకులదీ ఇంచుమించు ఒకే గతి. కిడ్ కోల్ట్ తన తండ్రిని చంపినవాణ్ణి ఎదురెదురుగా నిలబడి న్యాయమైన పోరులో కాలుస్తాడు. కాని చట్టం అతణ్ణి హంతకుడంటుంది. రాహైడ్ కిడ్ తనను పెంచినాయనను చంపిన దుండగుల పని పడతాడు. తరువాత ఒక అపార్థం వల్ల అతడూ నేరస్థుల జాబితాకెక్కుతాడు. ఇద్దరూ ఊరూరా బందిపోట్లను పట్టిస్తూనే ఉంటారు. అయినా ఊరి గోడ మీద వాళ్ళ బొమ్మే ఉంటుంది, ‘పట్టి ఇచ్చినవారికి బహుమతి’ అని.

1954లో ఈ పుస్తకాలకూ గండం వచ్చింది. బొమ్మల పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయని ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు గ్రంథమే రాశాడు. అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే ‘కామిక్స్ కోడ్’ విధించుకున్నారు. చెడు మీద మంచి గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి, పోలీసులను, న్యాయమూర్తులను చులకన చేయరాదు అన్నవి అందులోని నియమాల్లో కొన్ని.

చరిత్ర మాత్రం బొమ్మల్లో ఉన్నట్టు లేదు. పశువుల మందలను వందల మైళ్ళు తోలుకుపోయిన కౌబాయ్‌ల కాలం సుమారు ఇరవయ్యేళ్ళే. 1874లో పేటెంటు పొందిన ముళ్ళతీగ, విస్తరించిన రైలుమార్గాలు దానికి ముగింపు పలికాయి. ఆ కౌబాయ్‌లలో నల్లవారు, మెక్సికన్లు ఎందరో ఉన్నారు. పుస్తకాల్లో వారు కనబడడం అరుదు. సొంత నేల పోగొట్టుకున్న ఆదివాసులను తరచు శత్రువులుగానే చూపారు. అది ఆ పుస్తకాల పెద్ద దోషం. టూంబ్‌స్టోన్ పట్టణంలో 1881 అక్టోబరు 26న జరిగిన ప్రఖ్యాత కాల్పులు అర నిమిషంలో ముగిశాయి. ఆ తగాదాకు ఒక కారణం, ఊళ్ళో ఆయుధం పెట్టుకు తిరగరాదన్న మునిసిపల్ నిబంధన!

ఇక నా సంగతి. నేను ఆ పుస్తకం కొన్ననాటికి సస్పెన్షన్‌లో ఉన్నాను. సెక్షన్‌లో సొమ్ము తక్కువ వచ్చింది. తాళంచెవి నా దగ్గర ఉండేది కనుక చార్జిషీటు నాకు వచ్చింది. సగం జీతంతో పదకొండు నెలలు గడిపాము. నిన్నటిదాకా కలిసి టీ తాగినవారు బస్టాపులో నన్ను చూసి అటు తిరిగేవారు. మేనల్లుడికి ఇంగ్లీషు అంతగా రాదు. రాత్రిళ్ళు నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఒకరోజు వాడు, “మామయ్యా, తను తప్పు చెయ్యలేదని కోల్ట్ వెళ్ళి షెరీఫ్‌కి చెప్పొచ్చు కదా?” అన్నాడు.

నేను ఏమీ చెప్పలేకపోయాను. వంటింట్లోంచి మా ఆవిడ, “చెబితే వినేవాడుండాలి కదరా నాయనా” అన్నది. నా కేసు వాడికి తెలియదనే అప్పటిదాకా మేమిద్దరం అనుకుంటున్నాము. వాడి ముఖం చూస్తే తెలిసిపోయింది, వాడికి అంతా తెలుసునని.

చివరికి లెక్కల్లో పొరపాటు బయటపడింది. కేసు మూసివేశారు, బకాయిలు ఇచ్చారు. కాని ఆ పదకొండు నెలల్లో మా గడప తొక్కినది మా అటెండరు ఒక్కడే. ప్రతి నెలా ఏదో కాగితం వంకతో వచ్చి, మంచినీళ్ళు తాగి, “మీరు తీశారని నేను నమ్మను సార్” అని చెప్పి వెళ్ళేవాడు. రిటైరయ్యాక కూడా అతడి ఇంట శుభకార్యమేదీ నేను మానలేదు.

మన సభ్యుల్లో పెండింగ్ విచారణల వల్ల గ్రాట్యుటీ అందక తిరుగుతున్నవారు ఉండవచ్చు. వారి కేసుల మంచిచెడ్డలు తేల్చేవారు వేరే ఉన్నారు. మనం చేయగలిగినది, వారి ఇంటికి వెళ్ళి ఒక పూట కూర్చుని రావడం. ఈ నెలలోనే అలాంటి ఒకరి ఇంటికి వెళ్ళవలసిందిగా కోరుతున్నాను.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. మేనల్లుడు ఉద్యోగంలో చేరడానికి వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టుకుని తీసుకుపోయాడు. ఈమధ్య ఫోన్లో అడిగితే, “భద్రంగా ఉంది మామయ్యా, మా అబ్బాయికి నేను చదివి చెప్పాను” అన్నాడు.