జాగిలం తీసిన జాడ: సాక్ష్య విలువ పరిణామం

వాసనను బట్టి జాడ తీసే జాగిలాలలో బ్లడ్‌హౌండ్ జాతి ప్రసిద్ధమైనది. ఆర్డెన్ అడవులలోని సెయింట్ హ్యూబర్ట్ మఠంలో పెంచిన వేటకుక్కలే దీనికి మూలమని సంప్రదాయం చెబుతుంది. ఇవి గాయపడిన మృగాలనే కాక దొంగలను కూడా వెంబడిస్తాయని ఆంగ్ల వైద్యుడు జాన్ కైయస్ 1570లో వెలువరించిన లాటిన్ గ్రంథంలో వర్ణించాడు. వేటకు ఉపయోగపడిన ఘ్రాణశక్తి నేర నిర్ణయానికి ఎంతవరకు ఆధారం కాగలదన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

పశువుల దోపిడి నిత్యకృత్యమైన ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులలో ఈ జాగిలాలకు విశేష గౌరవం ఉండేది. జాడ వెంట వచ్చిన జాగిలాన్ని తన ఇంటిలోకి రానీయనివాడిని దొంగకు తోడుదొంగగా పరిగణించే ఆచారాన్ని 16వ శతాబ్దపు స్కాట్లండ్ చరిత్రకారులు నమోదు చేశారు. అంటే జాగిలం ఆగిన గడపే అనుమానానికి చాలినంత ఆధారం.

ఈ అధికారం అన్నివేళలా న్యాయం పక్షాన నిలవలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పారిపోయిన బానిసలను పట్టుకోవడానికి యజమానులు జాగిలాలనే ఉసిగొల్పారు. బానిసత్వం రద్దయిన తరువాత అవే జాగిలాల ప్రస్తావన న్యాయస్థానాలకు చేరింది. జాతి శుద్ధి, శిక్షణ, గత అనుభవం రుజువైతేనే అటువంటి సాక్ష్యాన్ని అనుమతించాలని 1898లో కెంటకీ న్యాయస్థానం షరతులు విధించగా, 1903లో నెబ్రాస్కా న్యాయస్థానం దానిని పూర్తిగా తిరస్కరించింది.

భారత సుప్రీంకోర్టు 1969లో ఒక తీర్పులో ఇటువంటి సాక్ష్యంపై ఉన్న అభ్యంతరాలను చర్చించింది. జాగిలం బోనెక్కి ప్రమాణం చేయలేదు, అడ్డుప్రశ్నలకు బదులు చెప్పలేదు. దాని ప్రవర్తనకు శిక్షకుడు చెప్పే అర్థమే సాక్ష్యంగా మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక హత్యకేసులో 2001లో అదే న్యాయస్థానం మరింత స్పష్టత నిచ్చింది. జాగిలం పొరబడవచ్చు, శిక్షకుడు దాని సంకేతాన్ని తప్పుగా గ్రహించవచ్చు. కనుక జాగిలం సేవలను దర్యాప్తుకు వినియోగించుకోవచ్చునే గాని, నేరనిరూపణకు వాటిని సాక్ష్యంగా స్వీకరించరాదని పేర్కొంది.

సరిహద్దు గ్రామాలలో గృహస్థుని తలుపు తెరిపించిన జాడకు ఆధునిక న్యాయశాస్త్రం ఈ విధంగా ఒక హద్దు నిర్ణయించింది. ఈ పరిణామంలో సంశయానికి గురైనది జాగిలం ముక్కు కంటే ఎక్కువగా దానికి అర్థం చెప్పే మనిషి మాట. ముద్దాయి ప్రాణం, స్వేచ్ఛ ఆ మాట ఒక్కదానిపైనే ఆధారపడకూడదన్నదే ఈ చరిత్ర సారాంశం.