తెరచాప పందేలు: పెత్తనం ఎవరిది, మన చోటు ఎక్కడ?

మేము పోలవరం ఏజెన్సీ నుంచి వచ్చి మొగల్తూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే ముందు. ఆదివారం పేరుపాలెం బీచ్‌కి వెళ్తే అన్నీ ఇంజన్ పడవలే. మా తాతలు మాత్రం గోదావరిలో గాలి చూసి చాప ఎత్తేవాళ్లంట. అదే పని ఒలింపిక్స్‌లో ఒక ఆట అని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మేం తెలుసుకున్నది మీకూ చెబుతున్నాం.

ముందు మన వైపు చరిత్ర. మొగల్తూరు దగ్గరే నరసాపురం. 17వ శతాబ్దంలో అక్కడ పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు. ఇంగ్లీషు కంపెనీ కూడా అక్కడ ఓడలు కట్టించుకుంది. దానికి టేకు పై అడవుల నుంచి గోదావరిలో తేలుతూ దిగేది. అంటే కలప మన కొండలదే, పేరు మాత్రం మనకి రాలేదు.

పందేల కథ వేరు. అవి దొరల క్లబ్బుల్లో పెరిగాయి. బొంబాయిలో 1846లో, మద్రాసులో 1911లో యాచ్ క్లబ్బులు పెట్టారు. యూరప్‌లో ఒక్కో దేశం పడవని ఒక్కోలా కొలవడంతో పోటీ పెట్టడం కష్టమైంది. అందుకే 1907లో అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు వరల్డ్ సెయిలింగ్. మన దేశంలో యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1960లో వచ్చింది.

రూల్స్ పుస్తకం వరల్డ్ సెయిలింగ్‌ది. నాలుగేళ్లకోసారి మారుస్తారు, ఇప్పుడున్నది 2025–2028ది. జాతీయ పోటీలు, దేశం జట్టు ఎంపిక మన జాతీయ సంఘం చూస్తుంది. పిల్లలకి నేర్పేది, రోజువారీ పందేలు నడిపేది క్లబ్బు.

రూల్స్ చదివితే మాకు ఆశ్చర్యమేసింది. గాలి కుడిపక్క నుంచి తగిలే పడవకి, ఎడమపక్క నుంచి తగిలే పడవ దారి ఇవ్వాలి. చాలా పందేల్లో పక్కన అంపైర్ ఉండడు. తప్పు చేసినవాళ్లే పడవని రెండు చుట్లు తిప్పుకుని శిక్ష వేసుకోవాలి. ఒప్పుకోకపోతే అవతలివాళ్లు ఫిర్యాదు చేస్తారు, ఒడ్డుకొచ్చాక విచారణ. అన్నిటికంటే మొదటి రూలు, ఆపదలో ఉన్నవాళ్లకి సాయం చేయాలి. వరదలప్పుడు మన ఊళ్లల్లో పడవ ఉన్న ప్రతివాళ్లూ చేసేది అదే కదా!

మరి మనవాళ్లు అక్కడ ఎందుకు లేరు? నిచ్చెనలో కింది మెట్టు క్లబ్బు. అది దగ్గర్లో లేకపోతే పై మెట్లు మనకి కనపడవు కూడా. హైదరాబాద్‌లో 2009లో హుస్సేన్‌సాగర్ మీద ఒక యాచ్ క్లబ్బు పెట్టి పేదపిల్లలకీ నేర్పారు. అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున ఆడింది. అవే క్రీడల్లో మధ్యప్రదేశ్ రైతు కూతురు నేహా ఠాకూర్ వెండి పతకం తెచ్చింది. ఆమె నేర్చుకున్నది భోపాల్ చెరువు మీద.

పోలవరం కింద మన ఊళ్లు మునుగుతున్నాయి. రేపు ఆ నీళ్ల మీద బోటింగ్ వస్తే మన పిల్లలు టికెట్లు చింపడానికేనా, లేక చాప పట్టడానికా? పునరావాసం మీటింగుల్లో ఇళ్లు, భూమితో పాటు ఈ మాట కూడా అడుగుదాం. ఈత, పడవ వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో కింద రాయండి. పేర్లు వద్దు, లెక్క చాలు. ఆ లెక్కతో అర్జీ మేం రాస్తాం.