మెంతిగింజలు, గుర్రాలు, నడివయసు ఆవిర్లు



పేరు రాయని ఒక శ్రోత దగ్గరనుంచి ఈమధ్య ఒక ఉత్తరం వచ్చింది. “పోపు వేస్తూ ఉంటే ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు కమ్ముకొస్తాయి. జాకెట్టు తడిసిపోతుంది. రెండు నిమిషాల్లో మళ్ళీ చలి. రాత్రి నిద్ర ఉండదు. ఇంట్లో చెబితే, పొయ్యి దగ్గర నిలబడితే వేడి చెయ్యదా ఏమిటి అంటున్నారు. మాత్రల జోలికి పోకుండా ఆహారంతోటీ, అలవాట్లతోటీ ఒంటిని మొత్తంగా సర్దుకునే దారి ఏదైనా ఉందా?” అని అడిగారావిడ.

నేను డాక్టర్ని కాను. అంచేత వైద్యం చెప్పను. కాని ఈ ప్రశ్న వేసిన మొదటి ఆడది ఆవిడ కాదనీ, ఇదే ప్రశ్నకి డబ్బు పుచ్చుకుని జవాబు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారనీ మాత్రం చెప్పగలను. ఆ కథే ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

దీన్ని మన ఇళ్ళల్లో ముట్లుడగడం అంటాం, పుస్తకాల్లో రజోనివృత్తి అని రాస్తారు. పన్నెండో ఏట మొదలైన నెలసరి యాభయ్యో ఏడు వచ్చేసరికి క్షీణిస్తుందని సుశ్రుతసంహిత ఏనాడో చెప్పింది. దాన్ని రోగమని చెప్పలేదు, ముదిమి లక్షణమని ఊరుకుంది. ఇప్పుడు మనందరి నోటా ఉన్న ‘మెనోపాజ్’ అనే మాట ఫ్రాన్సు దేశపు డాక్టరు గార్డాన్ పెట్టింది. అది 1821లో. పేరంటూ వచ్చాక మందు రాకుండా ఉంటుందా!

అమెరికాలో మాసచుసెట్స్ రాష్ట్రంలో లిన్ అనే ఊరుంది. ఆ ఊళ్ళో లిడియా పింకం అని ఒక ఇల్లాలు ఉండేది. 1819లో పుట్టింది. బానిసత్వం పోవాలని పోరాడిన కుటుంబం, కొన్నాళ్ళు పంతులమ్మగా కూడా పనిచేసింది. 1873లో ఆ దేశంలో బ్యాంకులు కుప్పకూలినప్పుడు ఆవిడ భర్త ఐజాక్ వ్యాపారం కూడా మునిగిపోయింది. ఇంట్లో ఎదిగిన పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి నెలసరి బాధలకని ఆవిడ పొయ్యిమీద కాచి ఊరికే ఇచ్చే వేర్ల కషాయం ఒకటి ఉండేది. ఇదే ఎందుకు అమ్మకూడదూ అనుకున్నారు. 1875లో సీసా ఒక డాలరు చొప్పున అమ్మకం మొదలుపెట్టారు. తల్లి కాచడం, పిల్లలు సీసాల్లో పొయ్యడం, కొడుకులు వీధులవెంట కరపత్రాలు పంచడం. మన ఇళ్ళల్లో అప్పడాల వ్యాపారం ఎలా మొదలవుతుందో అచ్చం అలాగే.

ఆ కషాయంలో ఏముందో తెలుసాండీ? అక్కడి అడవుల్లో దొరికే నాలుగు రకాల వేర్లూ మూలికలూ, వాటితోబాటు మన పోపుల పెట్టెలోని మెంతులు! ఇంకొకటి కూడా ఉంది. అందులో నూటికి పద్దెనిమిది పాళ్ళు సారాయి. లిడియాగారేమో మద్యపానం కూడదని ప్రచారం చేసే మనిషి. మందు చెడిపోకుండా ఉండడానికే అది కలిపామని కంపెనీ చెప్పేది. అంత సారాయి కడుపులో పడితే ఏ ఆడదానికైనా కాసేపు నొప్పి తెలియదు మరి. మన అరిష్టాల్లో కూడా పులియడంవల్ల పుట్టిన సారాయి కొంత ఉంటుంది సుమండీ, గుక్కలు గుక్కలుగా తాగేవారు గుర్తుపెట్టుకోవాలి.

1879లో ఆవిడ బొమ్మ పత్రికల్లో వేశారు. తెల్లటి మెడపట్టీ, నల్ల గౌను, అమ్మమ్మలాంటి చిరునవ్వు. ఆ మొహం చూసి దేశమంతటా ఆడవాళ్ళు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. మీ ఉత్తరం మగవాడి కంటపడదు అని కంపెనీ హామీ ఇచ్చేది. ఆవిడ జవాబుల్లో మందు ఒక్కటే కాదు, ఏం తినాలి, ఎంత నడవాలి, ఒంటిని ఎలా శుభ్రంగా ఉంచుకోవాలి అన్నవి కూడా ఉండేవి. 1881లో ఇద్దరు కొడుకులు క్షయతో పోయారు, 1883లో ఆవిడా పోయింది. అయినా ‘మిసెస్ పింకం’ జవాబులు మాత్రం ఆగలేదు! 1905లో లేడీస్ హోమ్ జర్నల్ అనే పత్రిక ఆవిడ సమాధిరాయి ఫోటో అచ్చువేసి, ఇరవై రెండేళ్ళ కిందట పోయిన మనిషికి మీరు ఉత్తరాలు రాస్తున్నారు అని బయటపెట్టింది. మా కోడలు కూడా మిసెస్ పింకమే కదా అని కంపెనీ సమర్థించుకుంది. అమ్మకాలు పెద్దగా తగ్గనూలేదు.

మోసమే, కాదనను. కాని ఆ రోజుల్లో డాక్టర్లేం చేస్తున్నారో చూస్తే నాకు లిడియామీద పెద్దగా కోపం రాదు. 1872లో జార్జియా రాష్ట్రంలో బ్యాటీ అనే సర్జను, ఆడవాళ్ళ నొప్పులకీ నరాల బాధలకీ మందని, మంచిగా ఉన్న అండాశయాలను కోసి తీసెయ్యడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు కూడా ఆ బాటే పట్టారు. కొంతమంది బల్లమీదే పోయారు. బతికినవాళ్ళకి ముప్ఫయ్యో ఏటే ముట్లుడిగిపోయాయి. అటు కత్తి, ఇటు సీసా. మీరయితే ఏది ఎంచుకునేవారు?

తరవాతి మలుపు గుర్రాలది. అండాశయంలోని సారం ఏమిటో 1923లో ఎలెన్, డాయిజీ అనే ఇద్దరు పరిశోధకులు కనిపెట్టారు. దానికే ఈస్ట్రోజెన్ అని పేరు. చూడి గుర్రాల మూత్రంలో అది పుష్కలంగా ఉంటుంది. దానితో చేసిన ప్రెమరిన్ అనే మాత్ర 1942లో అమెరికా బజారుకు వచ్చింది. (గోమూత్రం ఎరిగిన మనకు ఇది మరీ వింత కాదనుకోండి.) ఆవిర్లు నిజంగానే తగ్గాయి. అంతటితో ఊరుకుంటే బాగుండును. 1966లో విల్సన్ అనే డాక్టరు, ఇది రోగం, మాత్ర వేసుకుంటే జీవితాంతం స్త్రీలుగానే ఉండిపోవచ్చు అని పుస్తకం రాశాడు. అంటే, వేసుకోనివాళ్ళం ఏమవుతామట! మందుల కంపెనీల డబ్బు ఆయనకు ముట్టిందని తరవాత బయటపడింది. 1975లో, ఒట్టి ఈస్ట్రోజెన్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి గర్భాశయపు లోపలి పొరలో క్యాన్సరు ఎక్కువగా వస్తోందని రెండు పరిశోధనలు చెప్పాయి. అప్పటినుంచీ గర్భసంచి ఉన్నవాళ్ళకి రెండో హార్మోను కూడా కలిపి ఇస్తున్నారు.

2002లో ఇంకో పిడుగు పడింది. పదహారువేల పైచిలుకు స్త్రీలమీద జరుగుతున్న పెద్ద పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ జంట మాత్రలు వాడిన పదివేల మందిలో ఏడాదికి ఎనిమిది మందికి రొమ్ము క్యాన్సరు అదనంగా వచ్చింది. లోకమంతా బెదిరిపోయి మాత్రలు మానేసింది. ఆ స్త్రీల సగటు వయసు అరవై మూడని పత్రికల్లో చదివినవాళ్ళెంతమంది? అరవై లోపువాళ్ళకీ, ముట్లుడిగి పదేళ్ళు దాటనివాళ్ళకీ, వేరే అడ్డంకులు లేకపోతే లాభమే ఎక్కువని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. అరవయ్యేళ్ళపాటు అందరూ వేసుకోండన్నారు, తరవాత ఎవ్వరూ వద్దన్నారు, ఇప్పుడు మనిషిని చూసి ఇస్తామంటున్నారు. ఆ చివరిమాటేదో మొదటే అనుంటే ఎంత బాగుండేది.

ఇక మన శ్రోత అడిగిన ‘మొత్తంగా సర్దుకునే దారి’. దీన్నీ పరీక్షకు పెట్టారు. పింకం సీసాలో ఉండిన నల్ల కోహోష్ అనే వేరును, సోయా ఆహారాన్నీ ఏడాదిపాటు 351 మంది స్త్రీలమీద పరీక్షించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆవిర్ల విషయంలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగేమీ కనబడలేదు. ఇందులో ఒక తమాషా ఉంది. ఉత్తుత్తి మాత్రతో కూడా చాలామందికి ఆవిర్లు కొంత తగ్గుతాయి. పక్కింటావిడ చెప్పిన పొడి పనిచేసిందని మనం ప్రమాణం చెయ్యడంలో ఈ సంగతీ కొంత ఉంటుంది. నిలిచినవి కూడా ఉన్నాయి. అధికంగా పెరిగిన బరువు తగ్గించుకోవడం ఒకటి. ఆవిరి వచ్చినప్పుడు కంగారుపడే మనసును మెల్లిగా మళ్ళించుకునే శిక్షణ ఇంకొకటి, దాన్ని లండనులో పరీక్షించి మేలు చూశారు. నడక ఆవిర్లను తగ్గించకపోయినా ఎముకలకీ గుండెకీ మంచిది. రాగిజావ, నువ్వులు, పెరుగు ఎముకలకు కావలసిన సున్నం ఇస్తాయి. మెదడులో వేడిని సర్దే మీట ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మరీ సున్నితమైపోతుంది, ఆవిర్లకు మూలం అదే. నేరుగా అక్కడే పనిచేసే, హార్మోను కాని మాత్ర ఒకటి 2023లో అమెరికాలో అనుమతి పొందింది కూడా.

కత్తి మాత్రం మనల్ని వదల్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తంమీద యాభై లోపు స్త్రీలలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమందికి, తెలంగాణలో ఎనిమిదిమందికి దగ్గరగా తీసేశారని తేలింది. పిల్లలు పుట్టేశారుగా, ఇక దానితో పనేమిటి అనే మాట మన ఆడవాళ్ళ నోటే విన్నాను నేను. అండాశయాలు కూడా తీస్తే ఆవిర్లు ఆ వారంలోనే మొదలవుతాయి, ఎముకలు ముందే గుల్లబారతాయి. అవసరమై తీసేవీ ఉన్నాయి, కాదనను. ఎందుకు తీస్తున్నారు, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. ఇంకో డాక్టరు చేత కూడా చూపించుకోండి. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క ఎరుపు కనబడినా మాత్రం సిగ్గుపడకుండా ఆస్పత్రికి వెళ్ళండి. దాన్ని వేడి చేసిందని సబ్జా నీళ్ళతో సరిపెట్టుకోకండి.

1975లోనే మార్షా ఫ్లింట్ అనే పరిశోధకురాలు రాజస్థాన్, హిమాచల్ ప్రాంతాల రాజపుత్ర స్త్రీలు 483 మందిని కలిసి మాట్లాడింది. నెలసరి మార్పు తప్ప వేరే బాధలు చెప్పినవాళ్ళు బహు కొద్దిమంది. ముట్లుడిగాక వాళ్ళకి పరదా తప్పేది, మగవాళ్ళున్న చోటికి వచ్చి కూర్చుని నవ్వుతూ మాట్లాడవచ్చు. బాధ లేకపోవడానికి అదే కారణమని నేను ఒట్టు వెయ్యను, అడిగేవాళ్ళు లేక చెప్పనివాళ్ళూ ఉండి ఉంటారు. కాని అది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. నెలకి మూడురోజులు పెరట్లో చాపమీద కూర్చున్న మనిషి, అది ఆగిపోయిన ఏడు కార్తీకమాసం నెల పొడుగునా ఒక్కరోజు తప్పకుండా గోదావరి స్నానానికి వెళ్ళింది. ఆవిర్లు వచ్చేవా అమ్మమ్మా అని అడిగితే, “వచ్చేవే, రేవులో మెట్లమీద కూర్చునేదాన్ని, గాలి తగిలేది” అంది.