అబ్సర్డ్ నాటకం: చరిత్ర, తెలుగునాట పఠనం

అబ్సర్డ్ నాటకం రెండో ప్రపంచయుద్ధం తరవాత పారిస్‌లో తలెత్తిన నాటక ధోరణి. ఇందులో కథ ముందుకు కదలదు, పాత్రల పుట్టుపూర్వోత్తరాలు తెలియవు, మాటకీ మాటకీ పొంతన ఉండదు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులను పరీక్షల ముందు బాగా కంగారుపెట్టే పాఠాల్లో ఇదొకటి. శామ్యూల్ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'లో ఎంత ఎదురుచూసినా రాని ఆ గోడో ఎవరన్న ప్రశ్నకు దేవుడనీ, మృత్యువనీ, ఆశ అనీ రకరకాల జవాబులు చెలామణిలో ఉన్నాయి. అన్నీ బట్టీపట్టినా నాటకం పట్టుబడదు.

దీనికి మన నాటక చరిత్రలోనే కారణం ఉంది. తెలుగు నాటకం చాలావరకు ఏదో ఒకటి తేల్చి చెప్పింది. 1892లో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' దురాచారం మీద గురిపెట్టింది. 1947 నాటి 'మా భూమి'లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతు ఎవరితో ఎందుకు తలపడుతున్నాడో దాపరికం లేకుండా చూపారు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు, ఆ తరవాత ఊరూరా వెలసిన పరిషత్తులు పెంచి పోషించిన నాటకాల్లోనూ సమస్య, సంఘర్షణ, ముగింపు ఉండాల్సిందే. ఆ కొలబద్దతో బెకెట్‌ను కొలిచిన విద్యార్థికి చేతికేమీ చిక్కదు.

ఈ ధోరణికి తాత్విక పునాది ఆల్బెర్ కామూ 1942లో ప్రచురించిన 'మిత్ ఆఫ్ సిసిఫస్'లో కనిపిస్తుంది. మనిషి బతుక్కి అర్థం అడుగుతాడు, లోకం బదులు పలకదు. ఆ ఎడాన్నే కామూ అబ్సర్డ్ అన్నాడు. రంగస్థలం మీద దీనికి తొలి రూపాల్లో ఒకటి 1950 మేలో తొలిసారి ప్రదర్శించిన యూజీన్ అయొనెస్కో నాటకం 'బాల్డ్ సొప్రానో'. దాని పుట్టుక ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకు చాలా దగ్గర విషయం. రుమేనియాలో పుట్టి ఫ్రెంచిలో రాసిన అయొనెస్కో ఒక సంభాషణల పుస్తకం ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకోబోయాడు. వారానికి ఏడు రోజులు, నేల కిందా కప్పు పైనా ఉంటాయి లాంటి వాక్యాలు నోట్సులో ఎక్కించుకుంటుంటే, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోని మాటల లోకం అతనికి కనబడింది. ఆ వాక్యాలే నాటకమయ్యాయి. తెలుగు మీడియం నుంచి వచ్చి స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు వల్లెవేసిన పిల్లలకు ఈ నాటకం వివరించడం నిజానికి తేలిక.

1953 జనవరి 5న పారిస్‌లోని బాబిలోన్ థియేటర్లో శామ్యూల్ బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో' తొలి ప్రదర్శన జరిగింది. దర్శకుడు రోజర్ బ్లాఁ. బెకెట్ ఐరిష్ రచయిత; నాటకం ముందు ఫ్రెంచిలో రాసి, తానే ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1955లో లండన్‌లో పీటర్ హాల్ ప్రదర్శించాడు. బెకెట్, అయొనెస్కో లాంటి ఈ రచయితలెవరూ ఒక సంఘంగా ఏర్పడినవారు కారు. మార్టిన్ ఎస్లిన్ 1961 నాటి తన గ్రంథంలో అందరినీ ఒక పేరు కిందికి తెచ్చాడు. బెకెట్‌కు 1969లో నోబెల్ వచ్చింది.

తెలుగులో ఈ గాలి పలచగానే వీచింది. ఎన్.ఆర్. నంది 'మరో మొహెంజొదారో' ప్రయోగ నాటకంగా పేరు తెచ్చుకుంది. గొల్లపూడి మారుతీరావు 'కళ్ళు' గుడ్డి బిచ్చగాళ్ళ కథ, 1988లో ఎం.వి. రఘు దాన్ని సినిమాగా తీశారు. రెండింటిలోనూ సందేశం తొంగిచూస్తుంది గనక బెకెట్ సరసన చేర్చడం కష్టం. బాదల్ సర్కార్ బెంగాలీలో రాసిన 'ఏవం ఇంద్రజిత్' ఇంకాస్త దగ్గరగా వెళ్ళింది.

గోడోను చదువురాని వాళ్ళు అందుకోలేరన్న అపోహకు 1957 నవంబరులోనే జవాబు దొరికింది. కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో సుమారు 1,400 మంది ఖైదీల ముందు ఆడితే కదలకుండా చూశారు. ఎదురుచూపు వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

భద్రాచలం ప్రాంతానికీ నేర్పనక్కర్లేదు. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నది పేరు శబరి. రాముడి కోసం ముసలితనం దాకా కాచుకున్న భక్తురాలి పేరే అది. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఎదురుచూశాడని చెబుతారు. ఖమ్మంలోని కళాక్షేత్రానికి ఆ రామదాసు పేరే పెట్టారు. శబరికి రాముడు వచ్చాడు, గోపన్న కోసం రామలక్ష్మణులే మారువేషంలో వెళ్ళి పైకం కట్టారని కథ. ఎదురుచూపు ఫలించే కథల మధ్య పెరిగిన విద్యార్థికి గోడో రాకపోవడం లోపంగా తోస్తే తప్పులేదు. అయితే ఇదే నేల మీద ఇంకో ఎదురుచూపు ఉంది. పోడు భూమికి హక్కు కల్పించే చట్టం 2006లో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2021 చివర్లో మళ్ళీ దరఖాస్తులు తీసుకుని 2023 జూన్‌లో పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, రేపు రమ్మనిపించుకున్న ఇంటి పిల్లలకు, గోడో కోసం కాచుకున్న వ్లాదిమీర్, ఎస్ట్రగాన్ ఎందుకు వెళ్ళిపోరో ఊహకందుతుంది.

పోలిక అక్కడే తెగుతుంది. పోడు రైతు దగ్గర కనీసం దరఖాస్తు కాగితం ఉంటుంది. నాటకం రెండో అంకంలో చెట్టుకు నాలుగైదు ఆకులు వేస్తాయి, మొదటి అంకంలో ఆ దారిన వచ్చిన పొజ్జోకు చూపు పోతుంది, గోడో పంపిన కుర్రాడు మళ్ళీ వస్తాడు. నిన్న వచ్చింది తాను కాదంటాడు, వ్లాదిమీర్‌ను గుర్తుపట్టడు. నిన్న కాచుకున్నామనడానికి కూడా సాక్ష్యం మిగలదు. మొదటి అంకంలో జరిగిందే రెండోదాంట్లో మళ్ళీ ఎందుకు జరగాలన్న పరీక్ష ప్రశ్నకు జవాబు మొదలుపెట్టాల్సింది ఈ కుర్రాడి మాటల దగ్గర్నుంచే.