బల్ల తిరగేసిన తండ్రి, నెత్తిన బంతి పడ్డ ఆటగాడు

1981 ఆగస్టు 26న టోక్యోలోని కొరాకుయెన్ మైదానంలో యోమియురి జెయింట్స్, చునిచి డ్రాగన్స్ జట్లు బేస్‌బాల్ ఆడుతున్నాయి. డ్రాగన్స్ తరఫున బంతి విసురుతున్న హోషినో సెనిచి పేరుమోసిన ముక్కోపి. అప్పటికి నూట యాభైకి పైగా ఆటలుగా జెయింట్స్ జట్టు ఒక్క పరుగైనా చేయకుండా మైదానం వీడింది లేదు. ఆ పరంపరను తన చేతులమీదుగా తెంచాలని హోషినో పట్టుదల. ఏడవ ఇన్నింగ్సు దాకా అనుకున్నట్టే సాగింది. ఇద్దరు ఔటయ్యారు. అప్పుడు ఒక బంతి ఆకాశంలోకి లేచింది. పసిపిల్లవాడు కూడా పట్టగలిగిన క్యాచ్. డ్రాగన్స్ ఆటగాడు ఉనో మసారు తల పైకెత్తి, వెనక్కి వెనక్కి నడిచి, చేయి చాచాడు. బంతి చేతితొడుగులో పడవలసింది సూటిగా అతని తలమీద పడి, అక్కడినుంచి ఎగిరి దూరంగా కంచెవైపు దొర్లిపోయింది. జెయింట్స్‌కు పరుగు దక్కింది. హోషినో తన తొడుగును నేలకేసి కొట్టాడు.

ఆట 2-1తో గెలిచింది డ్రాగన్సే. ఆ సంగతి ఎవరికి గుర్తుంది? జనానికి మిగిలింది ఉనో తల. టీవీలో ఆ దృశ్యాన్ని పదేపదే చూపించారు. ఆటగాళ్ళ తడబాట్లను ఏరికూర్చి, వెనుకనుంచి చమత్కారపు వ్యాఖ్యానం జోడించి నవ్వించే కార్యక్రమాలు ఆ దశాబ్దంలో జపానులో విరివిగా సాగాయి. వాటికి మూలపురుషుడు ఉనోయే అనవచ్చు. ఇదే ఉనో 1984లో హోమ్‌రన్‌ల కిరీటం పంచుకున్నాడనీ, మరుసటి ఏడాది 41 హోమ్‌రన్‌లు కొట్టాడనీ అభిమానులు విడిగా గుర్తుచేయవలసి వస్తుంది, పాపం.

అదే బేస్‌బాల్‌ను బొమ్మల్లో ఒక యజ్ఞంగా చూపిన దేశం ఇంత హాయిగా నవ్వడం నాకు ఆసక్తి కలిగించింది. 1966లో కాజివారా ఇక్కి కథతో, కవసాకి నోబొరు బొమ్మలతో ఒక బాలల వారపత్రికలో మొదలైన 'క్యోజిన్ నో హోషి' 1968లో టీవీ యానిమేషన్‌గా వచ్చింది. పేరుకు అర్థం 'జెయింట్స్ తార'. తండ్రి ఇత్తెత్సు ఒకప్పటి జెయింట్స్ ఆటగాడు. యుద్ధంలో భుజం చెడి కూలిపనికి దిగినవాడు. తాను అందుకోలేనిది కొడుకు హ్యూమా చేత అందుకోజేయాలని పంతం. పిల్లవాడి ఒంటికి ఇనుప స్ప్రింగుల కవచం తొడుగుతాడు; చేయి కదపాలంటే ఆ స్ప్రింగులతో పెనుగులాడాలి. అన్నం తినేటప్పుడూ అదే. క్రీడకు 'కొంజో' అనే మాట కలిపి ఇటువంటి కథలను 'స్పోకోన్' అన్నారు. కొంజో అంటే గుండెదిటవు, మొండిపట్టు.

ఈ కథలో అందరికీ తెలిసిన దృశ్యం ఒకటుంది. పొట్టికాళ్ళ భోజనపు బల్లను కోపంతో తండ్రి తిరగేస్తాడు. గిన్నెలూ అన్నమూ గాలిలోకి లేస్తాయి. జపనీయులు దీనిని 'చాబుదాయ్ గాయెషి' అంటారు. తమాషా ఏమిటంటే, మూలకథలో ఇత్తెత్సు పనిగట్టుకుని బల్లలు తిరగేసే మనిషి కాడు. కొడుకును కొట్టబోయిన విసురులో బల్ల తలకిందులైన సందర్భం ఒకటుంది, అంతే. టీవీలో ముగింపు పేర్లు పడేటప్పుడు ఆ బొమ్మనే వారం వారం చూపడంతో, దేశం మొత్తం అతణ్ణి రోజూ బల్ల తిరగేసే తండ్రిగా గుర్తుపెట్టుకున్నది. కన్నీళ్ళకోసం గీసిన బొమ్మ చూసి చూసి నవ్వుగా మారింది. అరటితొక్కమీద కాలు జారినవాణ్ణి ఒకసారి చూస్తే అయ్యో అంటాం, పదోసారి చూస్తే నవ్వు ఆగదు.

నవ్వు ఒకసారి మొదలయ్యాక కొంజోకు మునుపటి గాంభీర్యం దక్కలేదు. తకహాషి రుమికో 'రాన్మా' 1989లో యానిమేషన్‌గా వచ్చేసరికి స్కేటింగు, జిమ్నాస్టిక్స్, చివరికి ఇంటింటికీ నూడుల్స్ మోసుకెళ్ళడం కూడా ప్రాణాలకు తెగించి ఆడే మల్లక్రీడలయ్యాయి. దీక్ష అదే, భుజం విరిచే సాధన అదే. పందెం మాత్రం ఒక గిన్నెడు నూడుల్స్ ఒలకకుండా చేర్చడం.

అంతకన్నా నాకు నచ్చినది ఇషియి హిసాయిచి 'గంబారె!! తబుచి-కున్!!'. 1979లో చలనచిత్రమైంది, మరుసటి ఏడాదికల్లా మూడు భాగాలొచ్చాయి. ఇందులో కథానాయకుడు కల్పితం కాడు. అప్పుడు సెయిబు లయన్స్‌కు ఆడుతున్న తబుచి కోయిచినే లావుపాటి, బద్ధకస్తుడైన, బంతికి అందని బొమ్మగా చేశారు. అసలు తబుచి ఎవరు? 1975లో 43 హోమ్‌రన్‌లు కొట్టి, ఓ సదహారు వరుసగా పదమూడేళ్ళు ఏలిన కిరీటాన్ని లాక్కున్నవాడు. 1970లో బంతి తలకు తగిలి, చెవినుండి నెత్తురు కారుతూ నేలకూలినవాడు కూడా ఇతడే. జపానులో చెవిని కప్పే హెల్మెట్ల వాడకానికి ఆ ప్రమాదం ఒక కారణమంటారు. ఉనో తలమీద పడిన బంతి, తబుచి తలకు తగిలిన బంతి ఒకటే బరువు. ఒకటి ఆకాశంనుంచి నిదానంగా దిగింది, రెండవది విసిరిన వేగంతో వచ్చింది. నవ్వుకూ ఆర్తనాదానికీ మధ్యనున్న దూరం ఆ వేగమే.

బల్ల సంగతికి వద్దాం. ఉత్తర జపానులోని ఇవాతె ప్రాంతంలో యహాబా అనే ఊరిలో బల్ల తిరగేసే పోటీలు పెట్టారు. పోటీదారు మనసులోని కసి అరుస్తూ బల్ల ఎత్తేస్తాడు; బల్లమీది నకిలీ చేప ఎంత దూరం ఎగిరిందో కొలుస్తారు. తైతో సంస్థ ఇదే పనిని ఆటగా మలచి, బల్ల అమర్చిన యంత్రాన్ని ఆటశాలల్లో నిలిపింది. కోపమొచ్చి కంచం విసిరికొట్టే తండ్రులు మన ఇళ్ళలోనూ ఉన్నారు. అన్నం పరబ్రహ్మమని నేర్పినది కూడా వాళ్ళే! ఆ కోపానికి ఒక కొలబద్ద పెట్టి, బహుమతి ఇచ్చి, ఊరంతా చేరి నవ్వడం ఒక విధంగా తండ్రిమీద గెలుపే అనిపిస్తుంది నాకు.

కానీ ఆ గెలుపు పూర్తయిందని చెప్పలేను. ఆ కథలు రాసిన కాజివారానే 1983లో ఒక పత్రికా సంపాదకుణ్ణి కొట్టిన కేసులో అరెస్టయ్యాడు. 2012 డిసెంబరులో ఒసాకాలోని ఒక ఉన్నత పాఠశాలలో బాస్కెట్‌బాల్ జట్టు నాయకుడైన విద్యార్థి, శిక్షకుడు పదేపదే కొట్టిన దరిమిలా ప్రాణం తీసుకున్నాడు. ఆ శిక్షకుడికి మరుసటి ఏడాది న్యాయస్థానం శిక్ష విధించింది. అదే శీతకాలంలో, జాతీయ మహిళా జూడో జట్టు శిక్షకుడు తమను కొడుతున్నాడని పదిహేనుమంది క్రీడాకారిణులు ఫిర్యాదు చేసిన సంగతి బయటపడింది. జపాను క్రీడాసంఘాలు ఏప్రిల్ 2013లో హింసను నిర్మూలిస్తామని ప్రకటన చేశాయి. అంటే ఇత్తెత్సు బొమ్మను చూసి నలభై ఏళ్ళకు పైగా నవ్విన దేశంలోనే, జిమ్ తలుపుల వెనుక అతడు నవ్వులాటగా మారలేదు. బహుశా అందరూ అతణ్ణి పాతకాలపు హాస్యపాత్ర అనుకోవడమే అతనికి అక్కడ చాటుగా ఉపయోగపడిందేమో.

ఆ 2012 డిసెంబరులోనే ఇత్తెత్సు మన దేశానికి కూడా వచ్చాడు. కలర్స్ చానెల్‌లో 'సూరజ్: ద రైజింగ్ స్టార్' పేరిట, బేస్‌బాల్‌కు బదులు క్రికెట్‌తో, ముంబయి మురికివాడలో పెరిగే కుర్రవాడి కథగా. కొడుకు చేత బంతులు వేయించే తండ్రి ఇందులోనూ ఉన్నాడు. క్రికెట్ అకాడమీల గేట్ల దగ్గర తెల్లవారుజామునే పిల్లల కిట్లు మోస్తూ నిలబడే తండ్రులను చూసే దేశంలో ఆ పాత్రకు పెద్దగా అనువాదం అక్కరలేకపోయింది.