గడువునాటి బదిలీ

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ జ్ఞప్తికి వచ్చుట సహజము. కెనడా, అమెరికా దేశములలో మాత్రము హాకీ అనిన మంచుపై ఆడు ఆట. అక్కడి నేషనల్ హాకీ లీగులో ఒక ఆచారము కలదు. పోటీలు సాగుచుండగనే జట్లు తమ ఆటగాండ్రను ఇచ్చిపుచ్చుకొనవచ్చును. దానికొక గడువు ఉన్నది. ఆ తేదీ దాటినచో ఆ యేటి కప్పు పోటీలకు ఉన్నవారితోనే సరిపెట్టుకొనవలెను.

మా రైల్వేలో మ్యూచువల్ బదిలీ అని ఒకటి ఉన్నది. ఇద్దరు ఉద్యోగులు ఒప్పుకొని చోట్లు మార్చుకొందురు. అక్కడ ఒప్పుకొనువారు యజమానులు. ఆటగానికి తరచు వార్త మాత్రమే చేరును.

గెలుపు అంచున నిలిచిన జట్టు ఈ గడువును ఎట్లు వాడుకొనవలెనో న్యూయార్క్ ఐలాండర్స్ చరిత్ర చెప్పును. 1972లో పుట్టిన ఆ జట్టు 1978-79లో లీగు పట్టికలో అగ్రస్థానము పొందియు కప్పు పోటీలలో ఓడినది. మేనేజరు బిల్ టోరీ లోపమెక్కడనో వెదకినాడు. నడుమ ఆడుటకు బ్రయన్ ట్రాటియే ఉన్నాడు. అతనికి తోడు మరియొకడు కావలెను. వెనుక కాపుదలకు మాత్రము కొరత లేదు. 1980 ఫిబ్రవరిలో ఒలింపిక్ స్వర్ణము గెలిచిన అమెరికా జట్టులోని కెన్ మారో అప్పుడే వచ్చి చేరినాడు. కావున మార్చి 10న డేవ్ లూయిస్, బిల్లీ హారిస్‌లను లాస్ ఏంజిలిస్ జట్టుకు ఇచ్చి, బుచ్ గోరింగ్‌ను తెచ్చుకొన్నారు. మిగిలిన 12 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. మే నెలలో కప్పు వచ్చినది. 1983 వరకు వరుసగా నాలుగు కప్పులు వచ్చినవి.

పేరుకెక్కినవానికై పరుగెత్తక, నిండిన గాదె నుండి కొలిచి ఇచ్చి, ఇంట లేని ఉప్పు తెచ్చుకొన్నారు. ఇదియే ఇందలి కిటుకు.

మన హైదరాబాద్ తూఫాన్స్ 2024 అక్టోబరు వేలములో గొంజాలో పెయ్యాట్‌ను 68 లక్షలకు కొన్నది. అతడు 2016లో అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణము, 2023లో జర్మనీకి ప్రపంచ కప్పు గెలిచిన జట్లలోనివాడు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనలులో అతడు రెండు గోలులు కొట్టియు, బెంగాలు జట్టు చేత 4-3తో ఓటమి తప్పలేదు. మేటివాడు ఒక్కడున్నంత మాత్రమున అన్ని లోపములు పూడవు.

గోరింగ్ పేరు అందరికిని తెలియును. హారిస్ మాట తలచువారు తక్కువ. ఐలాండర్స్ 1972 అమెచ్యూర్ డ్రాఫ్టులో ఎన్నుకొన్న మొదటి ఆటగాడు అతడే. తొలి యేట 78 ఆటలలో 12 మాత్రమే గెలిచిన జట్టును మోసినవారిలో ఒకడు. కప్పు వచ్చిన నాటికి అతడు లాస్ ఏంజిలిస్‌లో ఉన్నాడు. ఆ కప్పు అతనికి ఎన్నడును దక్కలేదు.

హోసూరు కర్మాగారములకును, కృష్ణగిరి మామిడి వ్యాపారమునకును వచ్చి చేరిన మనలో ఇష్టముతో వచ్చినవారు కొందరు, ఉత్తరువుతో వచ్చినవారు కొందరు. ఇచ్చట నాలుగేండ్లు శ్రమించి, ఫలము చూడకమునుపే బదిలీపై వెళ్ళినవారును కలరు. ఉగాది పచ్చడి పంచుకొను వేళ వారి పేర్లు ఒకమారు చెప్పుకొందము.