బ్లూ నోట్ ఎల్పీలు

న్యూయార్క్‌లో 1939లో మొదలైన బ్లూ నోట్ కంపెనీ జాజ్ రికార్డులివి. వినైల్ సేకరించేవారు ఎగబడి వెతికేవాటిలో ఇవి ముందుంటాయి. బెర్లిన్‌లో పుట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ ఈ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు. తర్వాత చేరిన ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆయన చిన్ననాటి స్నేహితుడు. అట్టల మీది ఫొటోలు చాలావరకు వుల్ఫ్ తీసినవే.

ఈ రికార్డుల ధ్వనికి పేరు తెచ్చింది రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్. ఆయన అసలు వృత్తి కంటి పరీక్షలు. స్టూడియో న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగది! శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘బ్లూ ట్రెయిన్’ 1957లో అక్కడే రికార్డయింది. 1959లో స్టూడియో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌కు మారింది.

తొలి ముద్రణను పోల్చుకోవడం ఒక విద్యే. ముందు లేబుల్ మీద కంపెనీ చిరునామా చూస్తారు. అది కాలాన్ని బట్టి మారింది. ఆపైన పాట ముగిశాక లేబుల్ దాకా ఉండే నున్నటి జాగాను వెలుతురుకు పట్టి, వాన్ గెల్డర్ గుర్తునూ చెవి ఆకారపు చిన్న గీతనూ వెతుకుతారు. ఆ చెవి నిజానికి రికార్డులు అచ్చొత్తిన ప్లాస్టిలైట్ కర్మాగారం పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరం. 1965లో లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ను కొన్నది; మరుసటి ఏడాదికి కొత్త ముద్రణల్లో చెవి మాయమైంది. ధరలో తేడా తెచ్చేది ఈ గీతే. వినడమే ముఖ్యమనుకుంటే మాత్రం, గీతలు పడ్డ తొలి ముద్రణ కన్నా శుభ్రమైన మలి ముద్రణే మేలు.